డ్రైవర్ సీటు నుంచి వెనుక సీటు దాకా: బీఎండబ్ల్యూకు ఆ విలువ ఎలా వచ్చింది

క్లుప్తంగా: విమాన ఇంజిన్ల కంపెనీగా పుట్టిన బీఎండబ్ల్యూ 1959 చివర్లో ప్రత్యర్థి చేతిలోకి పోవలసిన స్థితి నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ తర్వాత పెద్ద మెర్సిడెస్‌కూ చిన్న ఫోక్స్‌వాగన్‌కూ నడుమ ఖాళీగా ఉన్న చోటును పట్టుకుని నిలబడింది. అక్కడ అది అమ్మింది దర్జాను కాదు, కారు నడిపే మనిషికి కలిగే తృప్తిని. నేటి చిక్కు కూడా అక్కడే ఉంది. ఇండియా, చైనాల్లో కొనేవారిలో చాలామంది వెనుక సీట్లో కూర్చుంటున్నారు, విద్యుత్ కార్లలో ఆ పేరు తెచ్చిన ఇంజినే ఉండదు.

మూడు జర్మన్ కార్లు ఒకటేనా?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు, పెద్ద కార్లపై సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. ఖరీదైన కార్ల ధరలు లక్షల్లో తగ్గాయన్న వార్తలతో పాటే మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి మూడింటినీ ఒకే గాటన కట్టే చర్చలూ జోరందుకున్నాయి. బ్యాడ్జ్, ధర, ఈఎంఐ వరకే చూస్తే అవి ఒకలాగే కనిపిస్తాయి. అయితే వాటి పుట్టుక వేరు, ఎవరి కోసం తయారయ్యాయన్నది వేరు. బీఎండబ్ల్యూ విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే తన చరిత్రలో మొదటి సగం కాలం ఆ సంస్థ తనకంటూ ఒక స్థిరమైన స్థానం లేకుండానే గడిపింది.

విమాన ఇంజిన్ల నుంచి వంటపాత్రల దాకా

సంస్థ తన పుట్టుకను 1916 మార్చి 7 నుంచి లెక్కిస్తుంది. మ్యూనిక్‌లోని రాప్ ఇంజిన్ల కంపెనీ 1917లో బీఎండబ్ల్యూ అన్న పేరు పెట్టుకుంది. ఇంజినీరు మాక్స్ ఫ్రిట్జ్ రూపొందించిన తొలి ఇంజిన్‌లో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండేవి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడినా శక్తి అంతగా తగ్గకపోవడం దాని ప్రత్యేకత. ఆ ఆరు సిలిండర్ల వరుస తర్వాతి నూరేళ్ళలో కంపెనీకి ఇంటిపేరులా అంటిపెట్టుకుంది.

నీలం, తెలుపు గళ్ళున్న గుండ్రటి గుర్తు తిరిగే ప్రొపెల్లర్‌కు ప్రతిరూపమన్న కథ ఈనాటికీ వాడుకలో ఉంది. నిజానికి 1917లో నమోదైన ఆ గుర్తులోని రంగులు మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రానివి. రాష్ట్ర చిహ్నాన్ని వ్యాపార గుర్తుగా వాడటాన్ని చట్టం ఒప్పుకోనందువల్ల రంగుల వరుసను తిప్పి పెట్టారు. ప్రొపెల్లర్ కథకు ఊపిరి పోసింది 1929 నాటి ఒక ప్రకటన.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో విమాన ఇంజిన్ల తయారీని ఆపేసింది. కంపెనీ 1923లో ఆర్ 32 మోటార్ సైకిల్‌తో, 1928లో ఐసెనాఖ్ పట్టణంలోని ఒక కార్ల ఫ్యాక్టరీని కొనడంతో నేల మీది వాహనాల్లోకి వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో అప్పటికి తయారవుతున్న డిక్సీ, బ్రిటన్‌లోని ఆస్టిన్ సెవెన్‌కు లైసెన్సు నకలు. అంటే ఇప్పుడు లగ్జరీకి మారుపేరైన సంస్థ కార్ల వ్యాపారంలో అడుగుపెట్టింది ఇంగ్లండు చిన్నకారు నకలుతో. 1933లో వచ్చిన 303లో ఆరు సిలిండర్ల ఇంజిన్, ముందువైపు రెండు మూత్రపిండాల ఆకారంలో ఉండే గ్రిల్ తొలిసారి కనిపించాయి. 1936 నాటి 328 రేసుల్లో గెలిచి పేరు తెచ్చింది.

ఆ తర్వాతి పేజీ చీకటిది. నాజీల పాలనలో సంస్థ మళ్ళీ విమాన ఇంజిన్లకే మళ్ళింది. ఫోకె వుల్ఫ్ 190 యుద్ధ విమానానికి 801 ఇంజిన్ తయారుచేసింది. మ్యూనిక్ శివార్లలోని ఆలాఖ్ ఫ్యాక్టరీలో డాఖౌ నిర్బంధ శిబిరం ఖైదీలతో సహా వేలాదిమంది చేత బలవంతంగా పని చేయించారు. 2016లో శతజయంతి సందర్భంగా సంస్థ దీనిపై బహిరంగంగా విచారం ప్రకటించింది. తర్వాతి కాలంలో బీఎండబ్ల్యూలో ప్రధాన వాటాదారులైన క్వాండ్ట్ కుటుంబం బ్యాటరీ ఫ్యాక్టరీల్లోనూ అదే జరిగిందని, ఆ కుటుంబమే చరిత్రకారుడితో చేయించి 2011లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఒక బ్రాండ్ వారసత్వాన్ని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ భాగాన్ని వదిలేస్తే ఆ లెక్క సరైనది కాదు.

1945 తర్వాత ఐసెనాఖ్ సోవియట్ ఆక్రమణ ప్రాంతంలోకి పోయింది. మ్యూనిక్ ఫ్యాక్టరీ యంత్రాలను మిత్రరాజ్యాలు ఊడదీసుకుపోయాయి. కొంతకాలం వంటపాత్రలు చేసి అమ్మిన కంపెనీ, 1948లో మోటార్ సైకిళ్ళకూ 1952లో కార్లకూ తిరిగి వచ్చింది.

1959 డిసెంబరు 9 నాటి సమావేశం

తిరిగొచ్చిన కంపెనీకి రెండు కొసలే ఉన్నాయి, మధ్య లేదు. ఒక కొసన 501, 502 అనే పెద్ద సెడాన్లు, ఆల్బ్రెఖ్ట్ ఫాన్ గోర్ట్జ్ గీసిన అందమైన 507 స్పోర్ట్స్ కారు ఉండేవి. అమెరికాలో 5,000 డాలర్లకు అమ్మాలనుకున్న ఆ 507 ధర అంతకు రెట్టింపయింది. తయారైనవి సుమారు 250 మాత్రమే. రెండో కొసన ఇటలీ నుంచి లైసెన్సు తెచ్చుకున్న ఇసెట్టా ఉండేది. మోటార్ సైకిల్ ఇంజిన్‌తో నడిచే ఆ బుల్లి కారు తలుపు ముందుభాగంలో ఉంటుంది, దాన్ని తెరిస్తే స్టీరింగ్ కూడా తలుపుతో పాటే బయటికి జరుగుతుంది. 1.6 లక్షలకు పైగా అమ్ముడైనా అందులో మిగిలే లాభం తక్కువ. జర్మనీలో మధ్యతరగతి పెరుగుతున్న ఆ రోజుల్లో వారు కొనదగిన కారు మాత్రం కంపెనీ దగ్గర లేదు.

నష్టాలు పేరుకున్నాయి. 1959 డిసెంబరు 9న మ్యూనిక్‌లో జరిగిన వాటాదారుల సర్వసభ్య సమావేశం ముందు యాజమాన్యం ఒక ప్రతిపాదన పెట్టింది. మూలధనాన్ని కుదించి, కొత్త వాటాలను డైమ్లర్ బెంజ్‌కు కేటాయించాలన్నది దాని సారాంశం. అంటే మెర్సిడెస్ తయారీదారు చేతికి సంస్థను అప్పగించడమే. పర్యవేక్షక మండలికి నాయకత్వం వహిస్తున్న డాయిష్ బ్యాంక్ ప్రతినిధి కూడా అదే పక్షాన ఉన్నారు, ఓట్ల బలం కూడా అటే ఉంది. డీలర్లు, చిన్న వాటాదారులు దాన్ని వ్యతిరేకించినా ఓటింగులో గెలిచే అవకాశం వారికి లేదు.

వారి తరఫు న్యాయవాది ఫ్రీడ్రిఖ్ మాతెర్న్ ఓట్ల జోలికి పోకుండా బ్యాలెన్స్ షీట్ తీశారు. అప్పుడే వచ్చిన 700 అనే చిన్న కారు రూపకల్పన ఖర్చును కంపెనీ కొన్నేళ్ళకు పంచకుండా ఒక్క ఏడాది ఖాతాలోనే రాసేసింది. ఫలితంగా నష్టం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించింది. లెక్కల్లో తప్పుందన్న కారణంతో సమావేశాన్ని వాయిదా వేయమని కోరడానికి చట్టప్రకారం పది శాతం ఓట్లు చాలు. ఆ పది శాతం వారి దగ్గర ఉంది. సమావేశం వాయిదా పడింది, డైమ్లర్ ప్రతిపాదన గడువు దాటిపోయింది.

అప్పటికి రెండు కంపెనీల్లోనూ వాటాలున్న హెర్బర్ట్ క్వాండ్ట్, చిన్ననాడే చూపు దాదాపు కోల్పోయిన పారిశ్రామికవేత్త, అమ్మేయాలన్న ఆలోచన మార్చుకుని బీఎండబ్ల్యూలో తన వాటా పెంచుకున్నారు. నేటికీ ఆయన సంతానం స్టెఫాన్ క్వాండ్ట్, సుజానె క్లాటెన్‌ల చేతిలో దాదాపు సగం వాటా ఉంది. త్రైమాసిక ఫలితాల ఒత్తిడికి లొంగకుండా దీర్ఘకాలపు నిర్ణయాలు తీసుకునే వెసులుబాటు ఈ కంపెనీకి ఇక్కడి నుంచే వచ్చింది. ఆకర్షణ గురించి మాట్లాడేటప్పుడు ఇంజిన్‌ను తలచుకున్నంతగా ఈ వాటాల లెక్కను ఎవరూ తలచుకోరు. కానీ ఆ రోజు ఓటింగు జరిగి ఉంటే తర్వాతి ఇంజిన్ల కథే ఉండేది కాదు.

మధ్యలో ఖాళీ

1961 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 1500 మోడల్ వచ్చింది. దానితో మొదలైన కార్ల వరుసనే 'నోయె క్లాసె', అంటే 'కొత్త తరగతి' అంటారు. నాలుగు తలుపులు, నలుగురికి చోటు, మెర్సిడెస్ కంటే తక్కువ ధర, అయినా ఫోక్స్‌వాగన్ ఇవ్వలేని ఊపు దాని లక్షణాలు. అమ్మకాల అధిపతి పాల్ హానెమాన్ ఇతరులు వదిలేసిన చోట్లు వెతికి పట్టడంలో ఎంత నేర్పరి అంటే, పరిశ్రమలో ఆయనకు 'నిషెన్ పౌలె' (ఖాళీ చోట్ల పాల్) అన్న ముద్దుపేరు స్థిరపడింది. 1963లో కంపెనీ మళ్ళీ డివిడెండ్ ఇవ్వగలిగింది.

ఆ కార్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను రూపొందించినది, తానే రేసులు నడిపిన ఇంజినీరు అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌసెన్. అవసరమైతే పెంచుకునే వీలుండేలా ఆ ఇంజిన్‌ను ఆయన మొదటే దిట్టంగా కట్టారు. ఆ బలం ఎంతటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ టైటిల్ గెలిచిన బ్రాభమ్ కారులోని టర్బో ఇంజిన్‌కు మూలం కుటుంబాల కోసం చేసిన ఈ సెడాన్ ఇంజిన్ బ్లాకే.

1968 నాటి 2002 మోడల్ పుట్టుక కూడా అటువంటిదే. ఫాల్కెన్‌హౌసెన్, ఆయన సహోద్యోగి హెల్ముట్ వెర్నెర్ బోన్ష్ ఒకరికి తెలియకుండా ఒకరు తమ సొంత చిన్న కార్లలో రెండు లీటర్ల ఇంజిన్ పెట్టించుకున్నారు. అటు అమెరికాలో దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ అక్కడి పొగ నియమాలకు లోబడే వేగమైన చిన్న కారు కావాలని పట్టుబట్టారు. ఈ రెండూ కలిసి 2002 అయింది. చిన్న బాడీలో పెద్ద ఇంజిన్ అనే ఆ సూత్రమే 1975లో 3 సిరీస్‌గా మారి కంపెనీకి వెన్నెముక అయింది. 1970 నుంచి 1993 వరకు అధిపతిగా ఉన్న ఎబెర్‌హార్డ్ ఫాన్ క్యూన్‌హైమ్ హయాంలో 3, 5, 7 అనే వరుస స్థిరపడింది, రేసుల కోసం 1972లో పెట్టిన మోటార్‌స్పోర్ట్ విభాగం నుంచి ఎం5, ఎం3 అనే వేగవంతమైన మోడళ్ళు వచ్చాయి.

నడిపేవారికి తెలిసే తేడా

ప్రకటనల భాషను పక్కన పెడితే ఆ తృప్తికి యాంత్రికమైన కారణాలున్నాయి. ముందు చక్రాలే కారును లాగే అమరికలో, అవే చక్రాలు మలుపు తిప్పాలి, బండినీ లాగాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే స్టీరింగ్ చేతిలో ఒక పక్కకు గుంజినట్టు ఉంటుంది. బీఎండబ్ల్యూ తన సంప్రదాయ మోడళ్ళలో ఈ రెండు పనులనూ విడదీసింది, ముందు చక్రాలు తిప్పుతాయి, వెనుక చక్రాలు తోస్తాయి. ఇంజిన్‌ను వీలైనంత వెనక్కి జరిపి, చాలా మోడళ్ళలో బ్యాటరీని డిక్కీలోకి తరలించి, ముందు వెనుక ఇరుసులపై బరువు సగం సగం పడేలా చూసుకుంది. దీనివల్ల మలుపులో ముక్కు బరువుగా బయటికి జారకుండా కారు చెప్పినట్టు తిరుగుతుంది. అదే కాలంలో ఆడి ఇంజిన్‌ను ముందు ఇరుసుకు ఇంకా ముందుంచి, నాలుగు చక్రాల డ్రైవ్‌తో వానలో, మంచులో పట్టు సాధించింది. మెర్సిడెస్ కుదుపు తెలియని ప్రయాణాన్ని, లోహపు దిట్టతనాన్ని నమ్ముకుంది.

ఆరు సిలిండర్ల వరుస ఇంజిన్ సంగతికొస్తే, అందులో పిస్టన్లు జంటలుగా కదులుతాయి. ముందు సగంలో పుట్టే ఊపును వెనుక సగం అద్దంలో ప్రతిబింబంలా రద్దు చేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మిగిలిపోయే సన్నటి అదురు ఇందులో సహజంగానే ఉండదు. ఆరు సిలిండర్లు ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో ఉండే వీ6 ఇంజిన్లకు అదే నునుపు కావాలంటే తరచూ అదనపు షాఫ్టులు అమర్చాలి. పొడవైన ఇంజిన్ కావడంతో ఇతరులు దీన్ని వదిలేసిన రోజుల్లో కూడా బీఎండబ్ల్యూ వదల్లేదు. పదిమంది కొనేవారిలో ఎంతమంది ఈ కారణాలు తెలిసి కొంటారన్నది వేరే ప్రశ్న.

బ్యాడ్జ్ సొంతంగా నిలబడినప్పుడు

ఆ ప్రశ్నకు జవాబు కంపెనీ నోటి నుంచే వచ్చింది. 1 సిరీస్ నడిపేవారిలో 80 శాతం మంది తమది ముందు చక్రాల డ్రైవ్ కారు అనుకుంటున్నారని 2010లో అప్పటి అధిపతి నార్బర్ట్ రైట్‌హోఫర్ చెప్పారు. అది వెనుక చక్రాల డ్రైవ్ కారు. అంటే కంపెనీ ఎంతో ఖర్చుపెట్టి కాపాడుకుంటున్న లక్షణం చిన్న కారు కొనేవారికి కనిపించనే లేదు. 2014లో ఒక మోడల్, 2019లో 1 సిరీస్ ముందు చక్రాల డ్రైవ్‌కు మారిపోయాయి, అమ్మకాలు కుప్పకూలలేదు. 1999 నుంచి ఎక్స్5తో మొదలైన ఎస్‌యూవీల వరుస కూడా ఇదే చెప్పింది. ఇంజినీరింగ్‌తో సంపాదించిన పేరు ఒక దశ దాటాక ఆ ఇంజినీరింగ్ లేని చోట కూడా చెల్లుబాటవుతుంది.

అయితే ఆ పేరు ఎక్కడికి పడితే అక్కడికి సాగదు. 1994లో బ్రిటన్‌లోని రోవర్‌ను 80 కోట్ల పౌండ్లకు కొన్న సంస్థ, ఆరేళ్ళలో భారీ నష్టాలు చూసి 2000లో వదిలించుకుంది. రోవర్‌తో పాటు వచ్చిన చిన్న కార్ల బ్రాండ్ మినీని మాత్రం ఉంచుకుంది. అలాగే వచ్చి, అప్పుడు ఫోర్డ్‌కు అమ్మేసిన ల్యాండ్ రోవర్ 2008లో టాటాల చేతికి వచ్చింది. ఇంకొకరి ఫ్యాక్టరీని, ఇంకొకరి పేరును బాగుచేయడం కంటే తన పేరు కింద కొత్త తరహా కార్లు తేవడమే లాభమని ఆ దెబ్బ నేర్పింది.

ఇండియాలో వెనుక సీటు

చెన్నై దగ్గరి మహీంద్రా వరల్డ్ సిటీలో బీఎండబ్ల్యూ ప్లాంటు 2007 మార్చిలో మొదలైంది. పూర్తిగా తయారై వచ్చే కారుపై ఎన్నో ఏళ్ళు వంద శాతం మేర దిగుమతి సుంకం పడగా, విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించే కారుపై పడేది చాలా తక్కువ. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద కనిపించే 3 సిరీస్, 5 సిరీస్, ఎక్స్1 ఎక్కువగా చెన్నైలో బిగించినవే కావడానికి కారణం ఇదే.

2024లో మన దేశంలో బీఎండబ్ల్యూ, మినీ కలిపి 15,721 కార్లు అమ్ముడయ్యాయి, మెర్సిడెస్ 19,565 అమ్మింది. ప్రపంచ సంఖ్యల్లో మెర్సిడెస్‌ను దాటిన బీఎండబ్ల్యూ ఇక్కడ వెనుకబడటానికి ఒక కారణం ముందే వచ్చి పాతుకుపోయిన మెర్సిడెస్ కాగా, రెండోది కొనేవారి అలవాటు. ఈ స్థాయి కారు కొనేవారిలో చాలామందికి డ్రైవర్ ఉంటాడు. స్టీరింగ్ చేతికి ఏం చెబుతుందో యజమానికి తెలియదు, కాళ్ళు చాపుకునే చోటు, ఏసీ చల్లదనం, గుంతల్లో కుదుపు మాత్రం వెంటనే తెలుస్తాయి. చైనాలో అంతకు ముందే అమలుచేసిన పొడవు పెంచే పద్ధతిని కంపెనీ ఇక్కడికీ తెచ్చింది. 2021లో 3 సిరీస్ గ్రాన్ లిమోజిన్, 2024 జూలైలో పొడవైన 5 సిరీస్ వచ్చాయి. బ్యాడ్జ్ కోసం కొనేవారికీ నడపడం కోసం కొనేవారికీ ఒకే కారు అమ్మవలసి వచ్చినప్పుడు ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో ఈ పొడవులే చెబుతున్నాయి.

ఈ బ్యాడ్జ్‌కు తెలుగునాట ఉన్న విలువ 2016 ఆగస్టులో బాగా కనిపించింది. రియో ఒలింపిక్స్ తర్వాత హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో పి.వి. సింధు, సాక్షి మాలిక్, దీపా కర్మాకర్, కోచ్ గోపీచంద్‌లకు బీఎండబ్ల్యూ కార్లు బహూకరించగా, సచిన్ టెండూల్కర్ తాళాలు అందించారు. పతకానికి తగిన గౌరవం అనగానే దాతలకు తట్టింది ఈ కారే. కొద్ది వారాలకే దీపా కుటుంబం ఆ కారు ఉంచుకోవడం కష్టమని చెప్పింది. ఆమె ఊరు అగర్తలాలో సర్వీస్ సెంటర్ లేదు, రోడ్లూ ఆ కారుకు తగినవి కావు. చివరికి బదులుగా ఇచ్చిన డబ్బుతో ఆమె హ్యుందాయ్ ఎలాంట్రా కొనుక్కున్నారు. ఖరీదైన కారు ఆకర్షణ ఎంతదైనా, దాని ఉపయోగం దగ్గరలోని వర్క్‌షాప్, విడిభాగాల లభ్యత, నేల నుంచి కారుకున్న ఎత్తు వంటి వాటికి లోబడే ఉంటుంది. పాత బీఎండబ్ల్యూలు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త మధ్యశ్రేణి కారు ధరకు దొరకడానికి కారణం కూడా కొన్న తర్వాతి ఈ ఖర్చుల భయమే.

ఇంజిన్ లేని బీఎండబ్ల్యూ

2024లో గ్రూపు ప్రపంచవ్యాప్తంగా అమ్మిన సుమారు 24.5 లక్షల కార్లలో 4.26 లక్షలకు పైగా పూర్తి విద్యుత్ కార్లు, అంటే దాదాపు 17 శాతం. అదే ఏడాది చైనాలో అమ్మకాలు 13 శాతం మేర పడిపోయాయి. విద్యుత్ మోటారు సహజంగానే నునుపుగా తిరుగుతుంది, తొక్కిన మరుక్షణమే శక్తినిస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో బీఎండబ్ల్యూ దశాబ్దాలు కష్టపడి సాధించిన నునుపును ఇప్పుడు ఏ చైనా కంపెనీ అయినా మోటారు అమర్చి ఇవ్వగలదు. బరువైన బ్యాటరీ కారు అడుగుభాగంలో సమంగా పరచి ఉంటుంది కాబట్టి సగం సగం బరువు పంపిణీ కూడా ఇక ఒకరి సొత్తు కాదు. ఈ సంస్థ గుర్తింపుకు తగిలిన దెబ్బ ఇది, అమ్మకాల తగ్గుదల కంటే లోతైనది.

2025 సెప్టెంబరులో మ్యూనిక్‌లో ఆవిష్కరించిన ఐఎక్స్3తో మొదలైన కొత్త తరానికి కంపెనీ 1961 నాటి 'నోయె క్లాసె' పేరే పెట్టింది. హంగరీలోని డెబ్రెట్సెన్ ప్లాంటులో తయారయ్యే ఈ కారులో 800 వోల్టుల వ్యవస్థ ఉంది, ఒక్క ఛార్జింగ్‌తో యూరప్ ప్రమాణాల ప్రకారం 805 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. అంతకంటే ఆసక్తికరమైనది 'హార్ట్ ఆఫ్ జాయ్' అని పేరు పెట్టిన కంట్రోల్ కంప్యూటర్. మోటారు, బ్రేకు, స్టీరింగ్‌ల పనిని విడివిడి యూనిట్లకు వదలకుండా ఒకే చోట నుంచి నడిపించి, మలుపులో కారు స్పందనను సరిదిద్దడం దాని పని. ఒకప్పుడు ఇరుసుల అమరికతో సాధించిన అనుభూతిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో తేవాలన్నది ప్రయత్నం. సాఫ్ట్‌వేర్‌ను ఇనుము కంటే త్వరగా నకలు చేయవచ్చన్నది దీనిలోని బలహీనత.

మన దేశంలో మాత్రం విద్యుత్ బీఎండబ్ల్యూను ముందుకు తోస్తున్నది పన్ను. ఈ స్థాయి పెట్రోలు కారుపై 40 శాతం జీఎస్టీ ఉంటే విద్యుత్ కారుపై 5 శాతమే. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు చివరిదాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది. ఈ లెక్కలకు సరిగ్గా సరిపోయేలా 2025 జనవరిలో చెన్నైలో బిగించిన పొడవైన ఐఎక్స్1 రూ. 49 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చింది. వెనుక సీటు విశాలం, మోటారు ముందు చక్రాలకు. 1961 తర్వాత ఈ సంస్థకు పేరు తెచ్చిన సూత్రాలకు ఇది దాదాపు అన్ని విధాలా ఎదురు దిశలో ఉన్న కారు. ఇక్కడి అవసరాలకు మాత్రం చక్కగా సరిపోతుంది. పన్ను రాయితీలు తగ్గిన తర్వాత కూడా ఇదే అమ్ముడైతే, ఇండియాలో బీఎండబ్ల్యూ అంటే ఒక మంచి పేరున్న సౌకర్యవంతమైన కారు అని స్థిరపడుతుంది. ఐఎక్స్3 వంటివి నడిపేవారిని మళ్ళీ ముందు సీటుకు రప్పించగలిగితే, 1959లో పది శాతం ఓట్లతో నిలిపిన విలువకు ఇంకా కొనేవారున్నారని తేలుతుంది.